రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని, ప్రయాణ కాలాన్ని సరిగ్గా లెక్కించుకోవడం ఎలా?

ఒక విమానాశ్రయం నుంచి మరొక విమానాశ్రయానికి ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో వెతికితే ఒకదానితో ఒకటి పొసగని జవాబులు వస్తాయి. లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి దూరం ఒకచోట 5,540 అని, మరొకచోట 5,555 అని, ఇంకొకచోట 2,991 అని ఉంటుంది. ప్రయాణ కాలం కూడా అంతే: ఒక లెక్క ఆరు గంటలంటే టికెట్టు మీద ఎనిమిది గంటలు అచ్చయి ఉంటుంది. వీటిలో తప్పు అంకె ఏదీ లేదు. ప్రతి అంకె వేరొక కొలతకు జవాబు. ఆ కొలత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పకుండా అంకెను మాత్రమే ఇవ్వడం వల్లనే ఈ గందరగోళమంతా వస్తోంది. ప్రయాణం సవ్యంగా కుదరాలంటే దూరాన్ని, గాలిలో ఉండే సమయాన్ని, గేటు నుంచి గేటుకు పట్టే సమయాన్ని, గడియారం చూపించే తేడాను విడివిడిగా పట్టుకోవాలి.

ముందుగా ఏ విమానాశ్రయమో తేల్చుకోవాలి

లెక్కకు ఊరి పేరు సరిపోదు, విమానాశ్రయం కోడ్ కావాలి. టికెట్ల మీద, సామాను చీటీల మీద కనిపించే మూడక్షరాల కోడ్‌ను విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన అయాటా ఇస్తుంది. పైలట్లు, కంట్రోలర్లు వాడే నాలుగక్షరాల కోడ్‌ను ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ అయిన ఐకావో ఇస్తుంది. కాలిఫోర్నియాలోని శాన్ హోసే విమానాశ్రయం ఎస్.జె.సి. అయితే, కోస్టారికా రాజధాని శాన్ హోసేది ఎస్.జె.ఓ. సిడ్నీ అనే పేరుతో ఆస్ట్రేలియాలో ఒక మహానగరమూ, కెనడాలోని నోవా స్కోషియాలో ఒక చిన్న పట్టణమూ ఉన్నాయి, రెండింటికీ విమానాశ్రయాలున్నాయి. ఇటువంటి చోట పేరును మాత్రమే నమ్ముకుంటే దూరం వేల కిలోమీటర్లు తారుమారవుతుంది.

కోడ్ ఒక్కటే అయినా చోటు మారిన సందర్భాలున్నాయి. ఇస్తాంబుల్‌లో 2019 ఏప్రిల్‌లో అటాటుర్క్ విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలన్నీ నల్ల సముద్రపు ఒడ్డుకు దగ్గరలోని కొత్త విమానాశ్రయానికి తరలినప్పుడు ఐ.ఎస్.టి. అనే కోడ్ కూడా వాటితోపాటే తరలివెళ్లింది. హాంకాంగ్ 1998లో కై తాక్‌ను మూసివేసి చెక్ లాప్ కోక్ దీవికి మారినప్పుడు కూడా హెచ్.కె.జి. కోడే కొనసాగింది. పాత పట్టికలలోని దూరాలను, ముఖ్యంగా ఊరి నడిబొడ్డు నుంచి విమానాశ్రయానికి పట్టే సమయాలను, ఈ కారణంగా తేదీ చూసుకునే వాడాలి.

దూరాన్ని స్వయంగా లెక్కించడం

భూమి గోళాకారంలో ఉంది కనుక దాని ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తపు ముక్క అవుతుంది. భూమి కేంద్రం గుండా సాగే తలంతో భూగోళాన్ని కోస్తే అంచున ఏర్పడే వృత్తమే మహావృత్తం. దీని పొడవును లెక్కించడానికి రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు, సైన్, కొసైన్ మీటలున్న మామూలు కాలిక్యులేటర్ చాలు. ప్రతి విమానాశ్రయానికీ అధికారికంగా ప్రకటించిన ఒక సూచక బిందువు ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలను ఆ బిందువు దగ్గరే తీసుకుంటారు.

పద్ధతి ఇది. రెండు అక్షాంశాల సైన్‌లను ఒకదానితో ఒకటి గుణించి పక్కన పెట్టుకోవాలి. తరువాత రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించి, వచ్చినదాన్ని రేఖాంశాల తేడా యొక్క కొసైన్‌తో మళ్లీ గుణించాలి. ఈ రెండు ఫలితాలను కూడితే, భూమి కేంద్రం దగ్గర ఆ రెండు విమానాశ్రయాలు చేసే కోణపు కొసైన్ వస్తుంది. దాని నుంచి కోణాన్ని డిగ్రీలలో రాబట్టి 111.19తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. భూమి సగటు వ్యాసార్ధాన్ని 6,371 కిలోమీటర్లుగా తీసుకున్నప్పుడు మహావృత్తం మీద ఒక డిగ్రీ పొడవు 111.19 కిలోమీటర్లు. దక్షిణ అక్షాంశాలకు, పశ్చిమ రేఖాంశాలకు రుణ చిహ్నం పెట్టడం మరచిపోకూడదు. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. రేఖాంశాల తేడా 180 డిగ్రీలు దాటినా ఇబ్బంది లేదు, కొసైన్ దాన్ని దానంతట అదే సరిచేస్తుంది.

హీత్రో అక్షాంశం 51.47, రేఖాంశం –0.46, కెన్నెడీ అక్షాంశం 40.64, రేఖాంశం –73.78. సైన్‌లు 0.78229, 0.65131, వాటి లబ్ధం 0.50951. కొసైన్‌లు 0.62292, 0.75881, వాటి లబ్ధం 0.47268. రేఖాంశాల తేడా 73.32 డిగ్రీలు, దాని కొసైన్ 0.28703, దీనితో 0.47268ని గుణిస్తే 0.13567. రెండూ కూడితే 0.64518. ఈ కొసైన్ గల కోణం 49.82 డిగ్రీలు. దాన్ని 111.19తో గుణిస్తే సుమారు 5,540 కిలోమీటర్లు వస్తాయి.

భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357. ఆ నొక్కును కూడా లెక్కలోకి తీసుకునే సూత్రాలు, ఉదాహరణకు 1975లో భూమి కొలతల నిపుణుడు విన్సెంటీ ప్రచురించిన సూత్రం, ఇదే దూరాన్ని సుమారు 5,555గా చూపుతాయి. ఇక 2,991 అనేది 5,540నే నాటికల్ మైళ్లలోకి మార్చిన అంకె. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, నేల మీద వాడే మైలు 1.609 కిలోమీటర్లు. విమానయానంలో మైలు అంటే ఎక్కువగా నాటికల్ మైలే కాబట్టి అంకె పక్కన ప్రమాణం లేకపోతే దాన్ని వాడకపోవడమే మంచిది. 5,540కి, 5,555కి ఉన్న 15 కిలోమీటర్ల తేడాను మాత్రం పట్టించుకోనక్కరలేదు. జెట్ విమానం ఆ దూరాన్ని ఒక్క నిమిషంలో దాటేస్తుంది. శ్రద్ధ పెట్టవలసింది దూరంలోని దశాంశాల మీద కాదు, కాలం లెక్క మీద.

ఒక మినహాయింపు చెప్పాలి. రెండు విమానాశ్రయాలు బాగా దగ్గరగా ఉంటే ఈ సూత్రంలో కొసైన్ విలువ ఒకటికి మరీ చేరువై, అయిదు దశాంశాలతో చేసే లెక్క నమ్మదగినదిగా ఉండదు. అప్పుడు చిన్న దూరాలకు కూడా సరిగ్గా పనిచేసే హేవర్‌సైన్ సూత్రాన్ని గాని, కంప్యూటర్ పటంలో దూరం కొలిచే సాధనాన్ని గాని వాడుకోవాలి.

విమానం వెళ్లే దారి మహావృత్తం కాదు

గోడకు వేలాడే పటం మీద లండన్ నుంచి న్యూయార్క్‌కు స్కేలు పెట్టి గీసిన గీతను నమ్మకూడదు. భూగోళాన్ని చదునుగా పరచి గీసే మెర్కేటర్ పటంలో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ నేల సాగిపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవులు అసలుకు రెట్టింపుగా కనిపిస్తాయి. అందుకే నిజంగా తిన్ననైన దారి ఆ పటంలో ఉత్తరానికి వంగిన విల్లులా కనిపిస్తుంది, వంకర దారి తిన్నగా కనిపిస్తుంది.

అయితే విమానం ఆ మహావృత్తాన్ని కూడా అక్షరాలా అనుసరించదు. బయలుదేరినప్పుడు రన్‌వే ఎటు తిరిగి ఉంటే అటు లేవాలి, నిర్దేశించిన గగన మార్గాలలోకి చేరాలి, సైనిక అవసరాలకు కేటాయించిన ఆకాశాన్ని, ఉరుములతో కూడిన మేఘాలను తప్పించుకోవాలి, దిగేముందు మిగతా విమానాలతో కలిసి వరుసలో చేరాలి. మామూలుగా ఈ చుట్టుదారి వల్ల కొన్ని శాతం దూరం పెరుగుతుంది. గాలి అనుకూలంగా ఉండే దారి కోసం కావాలనే పొడవైన మార్గాన్ని ఎంచుకోవడమూ ఉంది.

కొన్నిసార్లు ఈ తేడా కొన్ని శాతాలతో ఆగదు. హెల్సింకి నుంచి టోక్యో నరీటాకు మహావృత్త దూరం సుమారు 7,830 కిలోమీటర్లు. రష్యా మీదుగా వెళ్లినన్నాళ్లూ ఆ ప్రయాణం తొమ్మిదిన్నర గంటల్లో అయ్యేది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై, ఐరోపా సంస్థలకు రష్యా గగనతలం మూతపడిన తరువాత ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన మధ్య ఆసియా మీదుగానో తిరిగి వెళ్లవలసి వచ్చి, అది సుమారు పదమూడు గంటలయింది. విమానాశ్రయాలు కదలలేదు, మహావృత్తమూ మారలేదు. కాలం మాత్రం మూడు గంటలకు పైగా పెరిగింది. కనుక దూరాన్ని చూసి కాలాన్ని ఊహించేముందు మధ్యలో ఏయే దేశాల ఆకాశం ఉందో, ఆ విమాన సంస్థకు అందులో ప్రవేశం ఉందో లేదో చూసుకోవడం అవసరం.

కాలాన్ని లెక్కించడం

విమాన సంస్థల టైమ్‌టేబుల్‌లో అచ్చయ్యే సమయం గాలిలో ఉండే సమయం కాదు. బయలుదేరే గేటు దగ్గర విమానం కదిలిన క్షణం నుంచి చేరే గేటు దగ్గర ఆగిన క్షణం వరకు పట్టే మొత్తం సమయం అది. దాన్నే బ్లాక్ టైమ్ అంటారు. ఇందులో రన్‌వే దాకా నేల మీద సాగే టాక్సీయింగ్, అక్కడ క్యూలో నిరీక్షణ, ఎక్కడం, సమతలంగా ఎగరడం, దిగడం, మళ్లీ గేటు దాకా టాక్సీయింగ్ అన్నీ ఉంటాయి.

వీటిలో గరిష్ఠ వేగంతో సాగేది నడిమి భాగం మాత్రమే. సుమారు పదకొండు కిలోమీటర్ల ఎత్తులో శబ్ద వేగం గంటకు 1,060 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది; ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 వంటివి అందులో 0.78 వంతు వేగంతో, అంటే గంటకు 830 కిలోమీటర్ల చొప్పున వెళతాయి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 వంటి పెద్ద విమానాలు 0.85 వంతుతో 900 కిలోమీటర్ల దాకా వెళతాయి. ఆ ఎత్తుకు చేరడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. పదివేల అడుగుల కింద వేగం సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదు. 35,000 అడుగుల ఎత్తు నుంచి దిగడం గమ్యానికి సుమారు 200 కిలోమీటర్ల ముందే మొదలవుతుంది. అందువల్ల 500 కిలోమీటర్ల ప్రయాణంలో విమానం తన పూర్తి వేగంతో ఎగిరే భాగం చాలా కొద్దిగా ఉంటుంది.

వీటన్నింటినీ కలుపుకుని నేను నమ్మే సులువైన సూత్రం ఒకటుంది: మహావృత్త దూరాన్ని 850తో భాగించి, వచ్చిన గంటలకు నలభై నిమిషాలు కలపాలి. 500 కిలోమీటర్లకు ఇది గంటంబావు చూపుతుంది. 2,000 కిలోమీటర్లకు మూడు గంటలు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు ఉన్న సుమారు 15,300 కిలోమీటర్లకు పద్దెనిమిది గంటల నలభై నిమిషాలు వస్తుంది. ఆ మార్గంలో షెడ్యూలు సమయం నిజంగానే పద్దెనిమిది గంటలు దాటి ఉంటుంది. ఎ.టి.ఆర్. 72 వంటి ప్రొపెల్లర్ విమానమైతే 850కి బదులు 450 నుంచి 500 మధ్య అంకెను తీసుకోవాలి. అతి చిన్న ప్రయాణాలకు ఈ సూత్రం పనికిరాదు: స్కాట్లాండ్‌లోని ఓర్క్‌నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు, అక్కడి చిన్న విమానం రెండు నిమిషాలలోపే దాన్ని దాటుతుంది.

విమాన సంస్థలు షెడ్యూలులో కొంత వెసులుబాటు కలుపుకుంటాయన్నది గుర్తుంచుకోవాలి. రద్దీ విమానాశ్రయంలో దిగేముందు గాలిలో చుట్లు కొట్టవలసి వస్తే, మామూలు హోల్డింగ్‌లో ఒక్కో చుట్టుకు సుమారు నాలుగు నిమిషాలు పోతాయి. మూడు చుట్లకే పన్నెండు నిమిషాలు. ఇవన్నీ ముందే ఊహించి సమయం అచ్చు వేస్తారు కనుక, రద్దీ లేని రోజున విమానం అరగంట ముందే చేరడం వింతేమీ కాదు. నిజంగా ఎంత పడుతుందో తెలుసుకోవాలంటే విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి వెబ్‌సైట్లలో అదే నంబరు గల విమానం గత కొద్ది రోజులలో ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో చూడాలి. ఏ సూత్రంకన్నా ఆ వరుస నమ్మకమైనది.

గాలి చేసే తేడా

ఉత్తరార్ధ గోళంలో తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దక్షిణార్ధంలోనూ ఇటువంటివే ఉన్నాయి. శీతకాలంలో ఇది మరింత బలపడుతుంది. విమానం గాలిలో ఎంత వేగంతో ఎగిరినా, నేలతో పోల్చి చూసే గ్రౌండ్ స్పీడే ప్రయాణ కాలాన్ని నిర్ణయిస్తుంది. తోక గాలి దానికి కలుస్తుంది, ఎదురు గాలి తీసివేస్తుంది. అందుకే లండన్ నుంచి న్యూయార్క్‌కు సుమారు ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి సుమారు ఏడు గంటలు టైమ్‌టేబుల్‌లో ఉంటాయి. 2020 ఫిబ్రవరిలో తుఫాను బలపరిచిన జెట్ స్ట్రీమ్‌ను అందుకుని ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి హీత్రోకు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది.

పోను, రాను కలిపితే గాలి ప్రభావం రద్దయిపోతుందని అనుకోవడం పొరపాటు. 3,000 కిలోమీటర్ల దూరాన్ని 850 వేగంతో, గాలి లేకుండా రెండువైపులా దాటితే మొత్తం 7 గంటల 4 నిమిషాలు. అదే గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉంటే ఒకవైపు 3 గంటల 9 నిమిషాలు, మరొకవైపు 4 గంటలు. మొత్తం 7 గంటల 9 నిమిషాలకు పైనే. ఎదురు గాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కనుక నష్టం లాభాన్ని మించుతుంది. తూర్పు పడమరలుగా సాగే దూర ప్రయాణానికి, ముఖ్యంగా శీతకాలంలో, పై సూత్రంలోని 850ని పడమరకు 780గాను, తూర్పుకు 920గాను మార్చుకుంటే వాస్తవానికి దగ్గరగా వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రయాణానికి ఈ మార్పు అక్కరలేదు.

గడియారం లెక్క

టికెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. ఒకదానిలోంచి ఒకటి నేరుగా తీసివేస్తే ప్రయాణ కాలం రాదు. రెండింటినీ ముందు ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రమాణ సమయమైన యు.టి.సి.లోకి మార్చుకుని తరువాత తీసివేయాలి. టోక్యో యు.టి.సి. కంటే 9 గంటలు ముందుంది, హొనొలులు 10 గంటలు వెనుక. టోక్యోలో రాత్రి 9 గంటలకు బయలుదేరిన విమానం యు.టి.సి. ప్రకారం మధ్యాహ్నం 12కు కదిలినట్టు; ఏడు గంటలు ప్రయాణిస్తే యు.టి.సి. 19 గంటలు, అందులోంచి 10 తీసివేస్తే హొనొలులులో ఉదయం 9, అదీ బయలుదేరిన తేదీనాడే. అంటే బయలుదేరిన సమయానికి పన్నెండు గంటల ముందే చేరినట్టు టికెట్టు చూపుతుంది. అంతర్జాతీయ దినరేఖను తూర్పుగా దాటినందువల్ల ఇలా జరుగుతుంది. పడమరగా దాటితే ఒక తేదీ ముందుకు పోతుంది. టికెట్టు మీద సమయం పక్కన చిన్నగా అచ్చయ్యే +1 గుర్తు చేరేది మరునాడని చెబుతుంది, హోటలు గది తీసుకునేముందు దాన్ని తప్పక చూసుకోవాలి.

వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాలతో మరికొంత జాగ్రత్త కావాలి. అమెరికాలో ఆ మార్పు మార్చి రెండవ ఆదివారం, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో లండన్, న్యూయార్క్‌ల మధ్య తేడా మామూలుగా ఉండే 5 గంటలకు బదులు 4 గంటలే. శరదృతువులో ఐరోపా అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం వెనక్కి మారతాయి కనుక మళ్లీ ఒక వారం ఇదే తేడా. అన్ని తేడాలూ పూర్తి గంటల్లో ఉండవన్నది కూడా మరవకూడదు: భారత కాలం యు.టి.సి.కి అయిదున్నర గంటలు, నేపాల్ కాలం అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు ముందు.

మధ్యలో మారవలసి వస్తే

హీత్రో నుంచి సిడ్నీకి మహావృత్త దూరం సుమారు 17,020 కిలోమీటర్లు. సింగపూర్‌లో దిగి మారితే రెండు భాగాలూ కలిపి సుమారు 17,170. దూరం పెరిగింది 150 కిలోమీటర్లే, ఒక శాతం కన్నా తక్కువ. కానీ ఇంకొకసారి దిగడం, ఎక్కడం, టాక్సీయింగ్ చేయడం, తరువాతి విమానం కోసం వేచి ఉండడం కలిస్తే ప్రయాణం మూడు నాలుగు గంటలు పొడవుతుంది. ప్రతి విమానాశ్రయంలోనూ ఒక విమానం నుంచి మరొక విమానానికి మారడానికి కనీస కనెక్షన్ సమయమని ఒకటి నిర్ణయించి ఉంటుంది. అది నడవగల ఆరోగ్యం, సమయానికి చేరిన మొదటి విమానం ఉన్నవారికి సరిపోయే సమయం. వృద్ధులతోనో పసిపిల్లలతోనో వెళ్లేవారు దానికి కనీసం మరో గంట కలుపుకోవాలని నా గట్టి అభిప్రాయం. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో లేకపోతే మొదటిది ఆలస్యమైనా రెండవ సంస్థకు ఏ బాధ్యతా ఉండదు కాబట్టి అప్పుడు ఇంకా ఎక్కువ వ్యవధి ఉంచుకోవాలి.

మహావృత్త దూరానికి చట్టంలో కూడా చోటుంది. విమానం రద్దయినా, బాగా ఆలస్యమైనా ప్రయాణికులకు పరిహారం ఇచ్చే ఐరోపా సమాజపు 261/2004 నిబంధన 1,500, 3,500 కిలోమీటర్ల దగ్గర హద్దులు గీసి, ఆ దూరాన్ని మహావృత్త పద్ధతిలోనే కొలవాలని చెబుతుంది. మధ్యలో మారిన ప్రయాణానికి భాగాల దూరాలను కూడకూడదని, మొదటి విమానాశ్రయం నుంచి చివరి విమానాశ్రయానికి నేరుగా కొలవాలని 2017లో ఐరోపా న్యాయస్థానం తీర్పునిచ్చింది.

ఒకే నగరంలోని రెండు విమానాశ్రయాల మధ్య మారవలసి వస్తే ఇప్పటిదాకా చెప్పిన సూత్రాలేవీ పనిచేయవు. తిన్నని గీత మీద హీత్రో, గాట్విక్‌ల మధ్య 40 కిలోమీటర్లు, కెన్నెడీ, నెవార్క్‌ల మధ్య 33, టోక్యోలోని హనేడా, నరీటాల మధ్య 60. నేల మీద మాత్రం ఇవి గంట నుంచి రెండు గంటల ప్రయాణాలు. కెన్నెడీ నుంచి నెవార్క్‌కు న్యూయార్క్ నగరాన్ని అడ్డంగా దాటాలి కనుక దూరం తక్కువైనా రద్దీ వేళ అదే కష్టం. దీనికి ముందు సామాను తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి బయటకు రావాలి. తరువాత మళ్లీ చెక్‌-ఇన్, భద్రతా తనిఖీ ఉంటాయి. బయటకు వచ్చామంటే ఆ దేశంలో ప్రవేశించినట్టే కాబట్టి వీసా కూడా అవసరం కావచ్చు. ఇటువంటి మార్పుకు దిగే సమయానికి, ఎక్కే సమయానికి మధ్య కనీసం అయిదు గంటలు ఉండేలా చూసుకోవాలి; టికెట్టు కొనేటప్పుడు రెండు కోడ్‌లూ ఒకటేనా కాదా అన్నది డబ్బు చెల్లించే ముందే సరిచూసుకోవాలి.